గొట్టంలో చిక్కిన దగ్గు

ఆ పేట మొత్తానికి తెలివిగల ఇల్లు బసవపున్నయ్య గారిదేనని అందరూ చెప్పుకుంటారు. అందరూ అంటే, బసవపున్నయ్య, ఆయన కొడుకు శేషగిరి, కోడలు సాంబ్రాజ్యం. వాళ్ళకి ఇంటి ముందు గదిలో కారం మర ఉంది. శేషగిరి మర ఆడిస్తాడు, సాంబ్రాజ్యం పక్క గదిలో కుట్టుమిషను తొక్కుతుంది. మీలో ఎవరికి ఎక్కువ తెలివి అని అడిగితే ముగ్గురూ తలొంచుకుని సిగ్గుపడతారు. సాంబ్రాజ్యం మాత్రం కాస్త తక్కువ సిగ్గుపడుతుంది.

అలాంటి ఇంట్లో పెద్దాయనకి దగ్గు పట్టుకుంది. మర తిరిగితే చాలు, ఖళ్ళు ఖళ్ళుమని ఒకటే దగ్గు. డాక్టరు గారు పరీక్ష చేసి, "కారం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ముక్కూ నోరూ కప్పుకోకుండా మర గదిలో అడుగు పెట్టొద్దు. దగ్గు తగ్గకపోతే మర మూసేయాల్సిందే" అన్నారు.

మర మూసేయడమే! పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిన భార్యా తనూ కలిసి పెట్టుకున్న మర అది. ఆ చప్పుడు వినబడని రోజు ఆయనకి అన్నం సయించదు. మామగారి మొహం చూసి సాంబ్రాజ్యం కుట్టుమిషను ముందు కూర్చుంది.

"మీరు బెంగపడకండి మావయ్యా. నేను లేనూ? మంచి ముసుగు కుట్టిపెడతాను" అంది.

ముసుగు తయారయ్యేదాకా అడుగు పెట్టకూడదు కదా. అందుకని శేషగిరి తండ్రిని వీపు మీద ఎక్కించుకుని మర గదిలోకి మోసుకెళ్ళాడు.

"కాళ్ళు ముడుచుకో నాన్నా, నేలకి తగిలాయంటే డాక్టరు గారు ఊరుకోరు."

పెద్దాయన కాళ్ళు ముడుచుకుని, కొడుకు మెడ వాటేసుకుని, కడుపారా దగ్గాడు.

ఇక్కడ సాంబ్రాజ్యం ఆలోచించింది. నీళ్ళు కారని చోట కారం మాత్రం ఎలా దూరుతుంది? స్కూటరు సీటుకి వేసే రెగ్జిను తెప్పించి ముసుగు కుట్టింది. దాన్నిండా నీళ్ళు పోసి దండేనికి వేలాడదీసింది. చుక్క కారలేదు. ఇంకేముంది, తీసుకొచ్చి మామగారి మొహానికి బిగించి కట్టేసింది. దగ్గు ఆగిపోయింది. ఊపిరి కూడా ఆగిపోయింది. "చూడు, ఒక్కసారైనా దగ్గుతున్నాడా!" అని శేషగిరి మురిసిపోతుండగానే పెద్దాయన కళ్ళు తేలేశాడు. అంతే, గబగబా పీకి పారేశారు.

"అర్థమైందండీ. కారానికి దారి ఉండకూడదు, గాలికి ఉండాలి" అంది సాంబ్రాజ్యం.

శేషగిరి మంచినీళ్ళ డబ్బా అడుగు కోసి తండ్రి తలకి బోర్లించాడు. మెడ చుట్టూ సందుల్లో సాంబ్రాజ్యం చపాతీ పిండి కూరింది. డబ్బా మూతికి మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టం తగిలించి, పెద్దాయన్ని తిరుగుతున్న మర పక్కన కూర్చోబెట్టారు. మరి రెండో కొస ఎక్కడ పెట్టాలి? వీధిలో దుమ్ము, పెరట్లో పేడ. ఇంట్లోకెల్లా మంచి వాసన వచ్చేది వంటింట్లోనే గనక సాంబ్రాజ్యం ఆ కొస పొయ్యి పక్కన పెట్టింది. పెట్టి ఊరుకుందా? మామగారికి ఇంకా కమ్మని గాలి అందాలని బాణలిలో నూనె పోసి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది.

ఇంకేముంది! మర గదిలో డబ్బా దద్దరిల్లింది. ఆ దగ్గు గొట్టం వెంట వచ్చి వంటింట్లో ఖళ్ళుమంది. సాంబ్రాజ్యం ఉలిక్కిపడి చుట్టూ చూసింది. వంటింట్లో మామగారు లేరు, దగ్గు మాత్రం ఉంది.

"ఏమండీ! దగ్గు మావయ్యని వదిలేసి ఇటొచ్చేసింది!"

"వదలకు, పట్టుకో! మళ్ళీ నాన్న దగ్గరికి పోతుంది!" అని శేషగిరి అటునుంచి కేకేశాడు.

సాంబ్రాజ్యం చేతిలోని మసిగుడ్డ గొట్టంలో కుక్కేసింది. అటు డబ్బాలో ఆ కాస్త గాలీ లేకుండా పోయింది. పెద్దాయన గిలగిలా కొట్టుకుంటూ స్విచ్చు మీద పడితే మర ఆగింది. డబ్బా తల మీంచి జారి ఓ మూలకి దొర్లింది, గొట్టం ఊడి కారం రాశిలో పడింది. శేషగిరి ఆ కొసలో గుప్పెడు కారం కూరి మూసేశాడు.

మర ఆగింది గనక దుమ్ము అణిగింది. దుమ్ము అణిగింది గనక పెద్దాయనకి ఊపిరాడింది. ఇది ఆ పేటలో ఎవరికి చెప్పినా తెలుస్తుంది, ఒక్క ఆ ఇంట్లో తప్ప.

"దగ్గు దొరికింది! మర మూయక్కర్లేదు!" అని సాంబ్రాజ్యం సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

గొట్టాన్ని పదిలంగా చుట్టి, ముగ్గురూ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి బల్ల మీద పెట్టారు.

"ఏమిటిది?" అన్నారాయన.

"మా మావయ్య దగ్గండీ."

డాక్టరు గారు కారం కూరిన కొసని ఎత్తి, దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఏముందిందులో?"

"లోపల నక్కిందండీ, ఉండండి" అంటూ శేషగిరి రెండో కొసలోని మసిగుడ్డ లాగేసి, బలంకొద్దీ ఊదాడు.

అంతే! కారమంతా డాక్టరు గారి మొహాన పడింది. ఆయన దగ్గు పక్కవీధి దాకా వినబడింది.

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఎంత మంచి మనిషి అమ్మాయ్! నా దగ్గు తను తీసేసుకున్నాడు."

డాక్టరు గారు దగ్గుతూనే చేత్తో గుమ్మం చూపించారు. వాళ్ళు అది దీవెన అనుకుని సంబరంగా ఇంటికొచ్చారు.

దగ్గే లేనప్పుడు ముసుగెందుకు? సాంబ్రాజ్యం రెగ్జిను ముసుగు తీసుకెళ్ళి స్కూటరు సీటుకి తొడిగేసింది. శేషగిరి స్విచ్చు వేశాడు. మర గర్రుమంది, కారం గుప్పున లేచింది. పెద్దాయన ఆ చప్పుడుకి పొంగిపోయి గుండెలనిండా ఊపిరి పీల్చాడు.

ఖళ్! ఖళ్ళు ఖళ్ళు ఖళ్ళు!

సాంబ్రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. "ఇదేం మర్యాదండీ! ఒక్క పూటైనా ఉంచుకోకుండా తిప్పి పంపించేశాడు ఆ డాక్టరు!"

"పంపేవాడు మనదొక్కటే పంపుతాడా? తన రోగులందరి దగ్గులూ కూడా పంపుతాడు" అంటూ శేషగిరి పరుగున వెళ్ళి, మర ఆపకుండానే, గదికున్న తలుపులూ కిటికీలూ అన్నీ మూసేసి గడియ పెట్టాడు.