ప్లాంటుకు పట్టినంత నేల

సముద్రానికి ఆమడ దూరంలో కుందవరమనే ఒకానొక సంస్థానం ఉండేది. దాని ప్రభువు నీలాద్రి భూపతికి కొత్తగా ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. నాలుగు ముక్కలు వచ్చాయో లేదో, దొరల మాటలు తెలుగులో చెప్పే దుబాసీ పేరన్నను పిలిచి, "ఇకమీదట దొరలతో మేమే మాట్లాడతాం. నువ్వు పక్కన నిలబడి విను, చాలు" అన్నాడు.

పేరన్న చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

ఒకనాడు హార్పర్ అనే వర్తకుడు కొలువుకొచ్చాడు. అతనికి తెలుగు బాగానే వచ్చు. అయినా రాజుగారి సరదా కనిపెట్టి, ఏటిగట్టున ఒక ప్లాంటు పెట్టుకోవడానికి చోటిప్పించమని ఇంగ్లీషులోనే అడిగాడు.

"ప్లాంటా!" రాజు మీసం దువ్వాడు. "మొక్కే కదయ్యా! ప్లాంటుకు ఎంత నేల పడితే అంతా తీసుకో. నిండు కొలువులో మాటిస్తున్నాం!"

పేరన్న గబుక్కున ముందుకొచ్చాడు. "ప్రభూ, ఆ మాటకు..." అనబోయాడు. రాజు కళ్లెర్రజేశాడు.

మర్నాడు తెల్లారేసరికి హార్పర్ మనుషులు ఏటిగట్టున ఉన్న తమలపాకు తోటలన్నిటి చుట్టూ మేకులు పాతేశారు! రైతులు లబోదిబోమంటూ కోటకు పరిగెత్తుకొచ్చారు. రాజు హార్పర్‌ను పిలిపించాడు.

"ఒక్క మొక్కకు అన్ని తోటలెందుకయ్యా?"

"మొక్క కాదు మహారాజా! ప్లాంటంటే యంత్రాలు, కొలుములు, పొగగొట్టాలు, మొత్తం కర్మాగారం! చక్కెర ప్లాంటు పెడుతున్నాను. తమరు మాటిచ్చారు."

రాజు ఇరుకున పడ్డాడు. ఇచ్చిన మాట తప్పలేడు. ఆ మాటకు అర్థం తెలియదని ఒప్పుకోనూ లేడు. అటూ ఇటూ చూసి, "ఏం పేరన్నా, ఉలకవు పలకవేం?" అన్నాడు.

"నోరు విప్పడానికి సెలవు దొరికింది, అదే పదివేలు ప్రభూ!" పేరన్న దొరవైపు తిరిగాడు. గొంతు మెత్తగా పెట్టాడు. "దొరవారూ, మొక్కా ప్లాంటే, కర్మాగారమూ ప్లాంటే ఎలా అయ్యాయండీ? తమబోటి చదువరులే చెప్పాలి."

హార్పర్ పొంగిపోయాడు. "అది లాటిన్ మాటయ్యా! ఆ భాషలో ప్లాంటా అంటే అరికాలు. పూర్వం నారును అరికాలితో మట్టిలోకి అదిమేవారట. అలా మొక్కకు ఆ పేరొచ్చింది. నేలలో పాతుకుని కదలకుండా ఉంటాయి కనుక యంత్రాలకూ అదే పేరు పెట్టాం!"

"అయితే మాటకు మూలం?"

"అరికాలే!"

"అందరూ విన్నారు కదా?" పేరన్న ఒక్క ఎగురు ఎగిరినంత పని చేశాడు. "ప్రభూ, మొక్కంటే దొరవారికి చాలదు. కర్మాగారమంటే తోటలు మిగలవు. అసలు అర్థమే ఇచ్చేద్దాం! అరికాలికి ఎంత నేల పడుతుందో అంతా దొరవారిదే. మన ప్రభువుది పెద్ద చెయ్యి, కావాలంటే రెండు కాళ్లకూ ఇద్దాం!"

కొలువంతా ఘొల్లుమంది.

"అన్యాయం! నేనడిగింది ఆ అర్థం కాదు" అని అరిచాడు హార్పర్.

"చెప్పింది తమరే కదండీ! వెనక వామనుడు అడుగులు అడిగి లోకాలన్నీ కొలిచాడు. తమరు లోకమంతా కొలవబోయారు, అడుగే మిగిలింది. ఏం చేస్తాం!"

హార్పర్ తన బూట్లకేసి చూసుకున్నాడు. చేసేది లేక టోపీ తీసి సలాం చేసి, మేకులు పీకించడానికి బయల్దేరాడు.

రాజు తలపాగా జారిపోయేలా నవ్వాడు. తన భుజం మీది శాలువా తీసి పేరన్నకు కప్పి, చేతి బంగారు కడియం తొడిగాడు. "ఇంగ్లీషులో ఇలాంటి దొంగమాటలు ఇంకా ఉన్నాయటోయ్?"

"కొల్లలు ప్రభూ! ఇకమీదట ఆ మాటల్ని కొలువులోకి అడుగుపెట్టే ముందు ఒకసారి నన్ను కలిసి రమ్మనండి!"