పట్టుకుని లేచే కడ్డీ

రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు ముందు నుంచి వెళ్ళారు కదా, ఏం చూశారో చెప్పండి. ఆలోచించొద్దు, చెప్పండి. వెలుగు చూశామంటారు. నిప్పురవ్వలు చూశామంటారు. మొహం పక్కకి తిప్పుకున్నామంటారు. అంతేగా?

కోదండపాణి కూడా అదే చెప్పాడు. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆయన చెప్పింది తప్పని నేననను. కానీ ఆ జవాబు చాలదన్నందుకు ఆయన ఎంత కోపం తెచ్చుకున్నాడో, ఆ కోపం ఆయన్ని ఎంతదాకా లాక్కుపోయిందో చెప్తాను, వినండి.

భార్య శేషారత్నానికి ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది. గుంటూరులో చెల్లెలింట్లో ఉంది. గురువారం నరసరావుపేటలో తన ఇంటికి రావాలి. కూర్చుంటే లేవలేదు. బాత్రూములో కమోడు పక్కన పట్టుకుని లేవడానికి ఒక కడ్డీ ఉండి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. బజార్లో దొరుకుతుంది. కానీ తన చేత్తో చేసిస్తానన్నాడు కోదండపాణి. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె కోసం చేత్తో చేసింది ఒక్కటీ లేదన్న సంగతి ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఆయనకి తట్టింది. వెల్డింగ్ నేర్చుకోవాలన్న సరదా ఎప్పటినుంచో ఉండనే ఉంది.

ఊరి చివర జాన్‌సైదా మేస్త్రి షెడ్డు ఉంది. ట్రాక్టర్ ట్రక్కులు కడతాడు. డెబ్భై ఏళ్ళవాడు, చదివింది మూడో తరగతి. ఆయన కట్టిన ట్రక్కు విరిగిందని పల్నాట్లో ఎవరూ చెప్పగా వినలేదు. కోదండపాణి వెళ్ళి నేర్పమని అడిగాడు. మేస్త్రి రమ్మన్నాడు. ఒక స్టూలు వేసి, నల్లద్దం చేతికిచ్చి, తను పని చేసుకున్నాడు. పని అయ్యాక అడిగాడు.

"ఏం కనబడింది మాస్టారూ?"

"వెలుగు."

"రేపు రండి."

రెండో రోజు కోదండపాణి ఆ వెలుగు ఎన్ని వేల డిగ్రీల వేడో, కరెంటు గాలిలోంచి ఎలా దూకుతుందో పూర్తిగా చెప్పాడు. మేస్త్రి మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అది మీరు చదువుకున్నది. కనబడింది చెప్పండి."

మూడో రోజూ అంతే. వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డరు చేతికివ్వలేదు. షెడ్డులో ఇద్దరు పనివాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కోదండపాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. వందలమందిని పాస్ చేయించినవాణ్ణి, నన్ను ఒక్క ప్రశ్న దగ్గర ఫెయిల్ చేస్తాడా అనుకున్నాడు. నాలుగో రోజు వెళ్ళలేదు. ఫోనులో వెతికి, అన్నిటికన్నా చవకగా దొరికిన వెల్డింగ్ మిషను తెప్పించుకున్నాడు.

టిఫిన్ క్యారియరంత పెట్టె. భుజానికి తగిలించుకునే బెల్టు. పెట్టెలోనే మాస్కు, చిన్న సుత్తి, ఒక బ్రష్షు. కడ్డీకి ఇనప పైపూ, కింద బిగించడానికి పలకా తెచ్చుకుని, వీడియోలు చూసి పనిలోకి దిగాడు. రాడ్డు అంటించగానే పైపుకి అతుక్కుపోయింది. లాగితే విరిగింది. మాస్కు పెట్టుకుంటే ఏమీ కనబడదు, తీస్తే కళ్ళు పోతాయి. తోచిన చోట గీకుతూ పోయాడు. అతుకు మీద కాకి రెట్టలు పడ్డట్టు తయారైంది.

అది చూసి సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషి మళ్ళీ చెయ్యాలి. ఈయన గ్రైండరు తీశాడు. అతుకు పైకి లేచిన చోటల్లా నున్నగా కొట్టేశాడు. సందుల్లో లప్పం నింపాడు. వెండి రంగు రెండు కోట్లు వేశాడు. కొట్లో కొన్నదానిలా తళతళలాడింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పని రాకపోవడం తప్పు కాదు, ఎవరికీ పుట్టుకతో రాదు. రానిదాన్ని రంగేసి ఇంకొకళ్ళ చేతికివ్వడం ఏం బుద్ధి?

చూడటానికి వచ్చిన తోడల్లుడు పానకాలరావు కడ్డీని చూడలేదు, మిషన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దీపావళికి పిల్లలకిచ్చెయ్ అన్నయ్యా. కాల్చుకుంటారు."

పెద్ద మిషను కొనాలన్నాడు, లేకపోతే ఈ సరదా మానుకోమన్నాడు. తను జీవితంలో రాడ్డు పట్టుకున్న పాపాన పోలేదు, ధర చూసి తీర్పు చెప్పేశాడు. ఇలాంటివాళ్ళు ప్రతి ఇంటికీ ఒకడుంటాడు.

అయినా ఆ మాట కోదండపాణికి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అతుకు సరిగా కుదరకపోతే ఆ తప్పు మిషన్‌ది, తనది కాదు. కడ్డీ ఫొటో తీసి శేషారత్నానికి పంపాడు. కాసేపటికి ఆమె ఫోన్ చేసింది. చాలా బాగుందంది. తర్వాత ఒక్క మాట అడిగింది.

"మేస్త్రి చూశాడా?"

ఆ ఒక్క మాటకే బుధవారం పొద్దున్నే కడ్డీనీ మిషన్నీ ఆటోలో వేసుకుని షెడ్డుకి వెళ్ళాడు. నాలుగో రోజు ఎందుకు రాలేదని మేస్త్రి అడగలేదు. దాంతో కోదండపాణికి ఇంకా మండింది.

"ఒక్క ముక్క చెప్పండి మేస్త్రీ," అన్నాడు కోదండపాణి. "నాలాంటి సరదా మనిషి ఇలాంటి చవక మిషను కొనొచ్చా, కొనకూడదా? కొనకూడదంటే ఇవాళే పెద్దది తెస్తాను."

కొనకూడదు అనే మాట కోసం నిలబడ్డాడు. ఆ మాట వస్తే చాలు, తలెత్తుకుని వెళ్ళిపోవచ్చు.

జాన్‌సైదా మిషన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన కుడి కంటి మీద పాల మీగడలాంటి పొర ఉంటుంది. ఈ పని నేర్చుకున్న రోజుల్లో మిషనే లేదు. డ్రమ్ములో ఉప్పు నీళ్ళు పోసి, అందులో కరెంటు తీగ దించి, షాకులు తింటూ అతికేవాళ్ళు. నలుగురు పనివాళ్ళకి కలిపి ఒకటే నల్లద్దం. తన వంతు వచ్చేదాకా ఆగితే ఆ పూట కూలి పోతుంది. ఆగలేదు. కన్ను పోయింది. పని చేయించుకున్న షావుకారు ఇంకో నల్లద్దం కొనలేదు. సరదాకి నేర్చుకునేవాళ్ళకి ఇవన్నీ తెలియక్కర్లేదు. కానీ ఆ మనిషి ఒక ప్రశ్న వేస్తే, ఎందుకు వేశాడో ఒక్క నిమిషం ఆలోచించొద్దా?

"రాడ్లేవీ?" అన్నాడు మేస్త్రి.

కోదండపాణి ప్యాకెట్టిచ్చాడు. విప్పి బాత్రూము గట్టు మీద పెట్టుకున్న ప్యాకెట్టు. మేస్త్రి ఒక రాడ్డు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చెమ్మగా ఉంది. టీ పొయ్యి మీద రేకు పెట్టి రాడ్లు పరిచాడు. అవి వేడెక్కేలోగా ఎర్త్ వైరుకున్న బలహీనమైన క్లిప్పు పీకేసి, వైరుని బోల్టుతో బిగించాడు. రెండు ఇనప ముక్కల తుప్పు మెరిసేదాకా గీకాడు. అంతసేపూ కోదండపాణి నిలబడలేక నిలబడ్డాడు.

మేస్త్రి పెట్టెలో వచ్చిన మాస్కు పెట్టుకున్నాడు. రాడ్డు ఒక్కసారి అంటించాడు. ఆపేశాడు. మాస్కు తీసి నేల మీద పెట్టి, చెప్పు మడమతో తొక్కాడు. పటపటమని ముక్కలైంది.

"ఇందులోంచి ఏమీ కనబడదు, తీసి చెయ్యాల్సిందే. దీన్ని పెట్టెలో పెట్టినవాణ్ణి ఇదే పెట్టుకుని ఒక్క రోజు పని చెయ్యమనండి," అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

తన మాస్కుల్లో ఒకటి కోదండపాణికిచ్చి, ఇంకోటి తను పెట్టుకున్నాడు. ఆ చవక మిషన్‌తోనే రెండు ముక్కల్నీ అతికాడు. తొందర లేదు. రాడ్డు ఎండిన దారి మీద చీమలా నడిచింది.

ఈసారి కోదండపాణికి వెలుగు అడ్డం రాలేదు. వెలుగు వెనకాల, గోరంత మేర, ఇనుము కరిగి చిన్న మడుగులా నిలబడింది. అంచుల్లో మెల్లగా తిరుగుతోంది. రెండు ముక్కలూ అందులోకి కరిగి ఒకటవుతున్నాయి. రాడ్డు ముందుకి పోతుంటే మడుగు వెంట వస్తోంది. వెనక గట్టిపడుతోంది. ఇంట్లో గీకినన్నాళ్ళూ తన చేతి కింద ఇలాంటిది ఒక్కసారి కూడా చూడలేదు.

మేస్త్రి ఏం కనబడిందని అడగలేదు.

అతికిన ముక్కని బెంచీకున్న వైసు దవడల్లో బిగించి పెద్ద సుత్తితో కొట్టాడు. ఒక దెబ్బ, రెండు, ఐదు. ఇనుము వంగింది. పూర్తిగా మడతపడింది. అతుకు విడలేదు.

"కొనుక్కోవచ్చు. ఇంటి పనికి ఈ మిషను చాలు," అన్నాడు.

ఇంకొకరైతే డబ్బు దండగ కాలేదని సంతోషించేవారు. కోదండపాణికి చెంప మీద కొట్టినట్టయింది. నిలబడటానికి ఉన్న ఒక్క సాకూ పోయింది.

మేస్త్రి అప్పుడు కడ్డీ తీశాడు. వెండి రంగు మీద వేలు పెట్టి రాసి చూశాడు. కడ్డీ అడుగు పలకని బెంచీ పక్కన దిమ్మకి బోల్టులతో బిగించాడు. బెంచీకీ కడ్డీకీ మధ్య పొట్టి స్టూలు వేశాడు.

"అమ్మగారికి ఏ మోకాలు?"

"ఎడమది."

"కూర్చోండి. ఎడమ కాలు చాపండి. ఆమెలా లేవండి."

ఇద్దరు పనివాళ్ళూ పని ఆపి చూస్తున్నారు. ఈ వయసులో తనతో నాటకం ఆడిస్తున్నాడని కోదండపాణి పళ్ళు కొరికాడు. అయినా కూర్చున్నాడు. కాలు చాపాడు. కుడి చేత్తో కడ్డీ పట్టుకుని పైకి లేచాడు. లేచి మేస్త్రి వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు.

మేస్త్రి ఆయన మొహం చూడటం లేదు. ఆయన ఎడమ చేతిని చూస్తున్నాడు.

కోదండపాణి కూడా చూసుకున్నాడు. ఎడమ చెయ్యి బెంచీ అంచుని పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. ఒంటి బరువంతా దాని మీదే ఉంది. కడ్డీ మీద వేసింది అరచేతి బరువు.

"అమ్మగారికి అక్కడ బెంచీ ఉండదు మాస్టారూ," అన్నాడు జాన్‌సైదా.

కోదండపాణి చెయ్యి తీసేసి మళ్ళీ కూర్చున్నాడు. ఒంటి చేత్తో లేవాలనుకున్నాడు. కడ్డీ పట్టుకున్నాడు. లేవలేదు. తను చేసిన కడ్డీ మీద తన బరువు వెయ్యడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు.

బెంచీ ఆసరాతో లేచి తనే సుత్తి అందుకున్నాడు. కడ్డీ మొదట్లో ఒక్క దెబ్బ వేశాడు. ఒక్కటే. పెద్ద దెబ్బ కూడా కాదు. అగ్గిపుల్ల విరిగినట్టు ఊడి నేల మీద పడింది. ఊడిన చోట లప్పం పొడి రాలింది. దాని కింద పలక నున్నగా, ఏ వేడీ తగలనట్టు మెరుస్తోంది. అక్కడ అతుకే లేదు. రంగు పట్టుకుని నిలబడిందంతే.

పానకాలరావు మాట, పెద్ద మిషను, మూడు రోజుల అవమానం, అన్నీ ఆయన మొహంలోంచి దిగిపోయాయి. దిగిపోయాక ఆ మొహం చాలా ముసలిదైంది.

షెడ్డు బయటికి వెళ్ళి గుంటూరు ఫోన్ చేశాడు. గురువారం రావొద్దన్నాడు. కడ్డీ బాగాలేదని, ఫొటోలో కనబడింది రంగేనని, తను దాని మీద బరువు వెయ్యలేకపోయానని చెప్పాడు. ఇంకో ఇరవై రోజులు చెల్లెలింట్లోనే ఉండమని బతిమాలాడు. శేషారత్నం తిట్టలేదు, నవ్వలేదు. ఉంటానంది.

లోపలికొచ్చేసరికి మేస్త్రి స్టూలు మళ్ళీ పాత చోట వేసి ఉంచాడు. ఈసారి చేతికి నల్లద్దం కాదు, హోల్డరు ఇచ్చాడు.

అదీ జరిగింది. సరే, ఆయన సంగతి వదిలెయ్యండి. మీరు మీ చేత్తో చేసి, బాగుందని అందరితో అనిపించుకుని, మీవాళ్ళ చేతికిచ్చింది ఏదో ఒకటి ఉంటుంది. ఇచ్చేముందు దాని మీద మీ బరువంతా వేసి చూశారా?