తోమిన సీసా

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని మల్లభూపతి ఏలేవాడు. మంచి రాజే గానీ, ఒక్క జబ్బు ఉండేది. పరదేశి ఓడల్లో వచ్చే ద్రాక్షాసవం మంచిచెడ్డలు తేల్చడంలో తనంతటివాడు లేడనుకునేవాడు. రాజుగారు కాదన్న సీసాను ఊళ్లో ఏ షావుకారూ ముట్టేవాడు కాదు.

ఒకనాడు నూకాలు అనే పడవ నడిపే ఆవిడ, భర్త పోయినది, ఒక సీసా పట్టుకొని సభకు వచ్చింది.

"మా మావ, మా ఆయన అయ్య, మునిగిపోతున్న ఓడ దొరను ఒడ్డుకు లాగాడు మారాజా. ఆ దొర మరో ఓడలో మళ్లీ వచ్చి ఇచ్చి పోయాడిది. ఇన్నాళ్లూ మూత తియ్యలేదు. మొన్నటి గాలివానకు నా పడవ రెండు ముక్కలైపోయింది. తవరు ఇది కొనుక్కుంటే కొత్త పడవ కట్టించుకుంటాను. పడవ లేకపోతే మా ఇంట పొయ్యి వెలగదు."

రాజు సీసాను చూశాడు. అద్దంలా మెరిసిపోతోంది. ముక్కు విరిచాడు.

"పాత సీసా అంటే వేలు మందాన దుమ్ముండాలి, పైన బూజుండాలి. ఇది నిన్నటి సరుకు. మాకే టోపీ పెట్టాలని చూశావా? తీసుకుపో!"

ఇక ఆ సీసా ఊళ్లో చెల్లదని నూకాలుకు తెలుసు. కోట గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తుంటే, రాజుగారి కొలువులో చమత్కారిగా పేరున్న విస్సన్న ఎదురయ్యాడు. సంగతంతా విన్నాడు.

"ఇంత తళతళలాడుతోందేమిటి, నూకాలమ్మా?"

"రాజుగారి ముందుకు మురికి సీసా తెస్తామా బాబయ్యా? చింతపండూ బూడిదా పెట్టి తోమాను."

మన ఆడవాళ్ల చేతికి దొరికితే చంద్రుడికైనా మచ్చ మిగలదు మరి! విస్సన్న సీసాను అటూ ఇటూ తిప్పాడు. మూతి మీది లక్కను దగ్గరగా చూసి, మీసంలోనే నవ్వుకున్నాడు.

"ఏడవకు. ఎల్లుండి రాజుగారి షష్టిపూర్తి. ఈ సీసా పట్టుకొని సభకు రా. మళ్లీ దుమ్ము మాత్రం పట్టించకు."

ఆ రోజు రానే వచ్చింది. రాజుగారు నలుగు పెట్టించుకొని, తలంటు పోసుకొని, కొత్త పట్టుబట్టలు కట్టి సింహాసనం ఎక్కారు. సామంతులు కానుకలు చదివిస్తున్నారు. విస్సన్న ఇద్దరు బోయీల చేత ఒక ఉయ్యాల మోయించుకొచ్చి, సింహాసనం ముందు దింపించి దండం పెట్టాడు.

"ప్రభువులు పవళించాలి. లాలి పాడడానికి ముత్తైదువులను కూడా పిలిపించాను."



"మాకు ఉయ్యాలా? అరవై ఏళ్లు నిండాయి మాకు!" అని రాజు గర్జించాడు.

విస్సన్న ఆయన్ను కిందికీ పైకీ తేరిపార చూశాడు.

"వేలు మందాన దుమ్ము లేదు. భుజాల మీద బూజు లేదు. ఒళ్లంతా నిగనిగలాడుతోంది. తమరి లెక్క ప్రకారం తమరు నిన్న పుట్టినవారే కదా ప్రభూ!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. రాజుకు మొన్నటి సీసా గుర్తొచ్చింది.

"మా వయసుకు ఊరంతా సాక్షి. ఆ సీసాకు సాక్షి ఎవరు?"

"తమ తండ్రిగారు."

విస్సన్న నూకాలును ముందుకు పిలిచాడు.

"రేవులో దిగిన ప్రతి సీసా మూతి మీదా సుంకంవాళ్లు లక్క పోసి ముద్ర వేస్తారు. తమరు పుట్టిన సంతోషంలో పెద్దరాజుగారు ఆ ఒక్క ఏడాదికి ముద్ర మార్పించారు. రేవులో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చూడండి ప్రభూ."

రాజు వంగి చూశాడు. లక్క మీద గోరంత ఉయ్యాల.

ఆ ముద్రను వేలికొసతో తడిమాడు. 

"నాన్నగారి ముద్ర... మొన్న మేము చూడనేలేదు."

"దుమ్ము వెతుకుతున్నారు కదా ప్రభూ. ఈమె తోమబట్టే నాకైనా కనిపించింది."

రాజు ఒక్కసారిగా పొట్ట పట్టుకొని నవ్వాడు. సభంతా నవ్వింది.

"నూకాలమ్మా, తప్పు మాదే. మా ఖర్చుతో నీకు ఒకటి కాదు, రెండు పడవలు కట్టిస్తాం. విస్సన్నా, ఇదిగో మా కంకణం. ఇకనుంచి సీసాల పరీక్ష నువ్వే చెయ్యి."

"చిత్తం. మరి ఈ ఉయ్యాల?"

రాజు సీసాను రెండు చేతులా అందుకొని, మెల్లగా ఉయ్యాలలో పడుకోబెట్టాడు.

"ఇది మా ఈడుదే. మా నూరో పుట్టినరోజున మూత తీద్దాం. అమ్మలారా, పిలిచినందుకు మీరూ ఊరికే వెళ్లకూడదు, లాలి పాడండి!"

ముత్తైదువులు నవ్వు ఆపుకుంటూ పాట ఎత్తుకున్నారు. ఉయ్యాల తాడు నూకాలు లాగింది.