గొడుగు నడిచిన దారి

మీరూ ఆ ఊరేగింపులో ఉన్నారనుకోండి. ఏం చూశారో చెప్పండి. ఏం, నోరు పెగలదా? సరే, నేనే చెబుతాను.

మేడిపూరు అనే రాజ్యాన్ని రణధీరుడనే రాజు ఏలేవాడు. వైశాఖంలో స్వామివారి ఊరేగింపు, పల్లకి పక్కనే రాజూ నడుస్తున్నాడు. నాలుగు వీధుల కూడలిలో ఎండకు ఓ పసిబిడ్డ సొమ్మసిల్లింది. తల్లి బొల్లమ్మ, మట్టి మోసి బతికే మనిషి, ఒక్క అంగలో వచ్చి స్వామివారి వెల్లగొడుగు లాక్కుని బిడ్డ మీద పట్టింది.

మర్నాడు ఆమెను సభలో నిలబెట్టారు.

"అపచారం! దీన్ని బిడ్డతో సహా పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

"ఈ ఎండల్లో యాడికి పోను దొరా? బిడ్డ ఇంకా కళ్లు సరిగ్గా తెరవలేదు!"

రాజు కొలువులో ముమ్మయ అని ఓ మాటకారి ఉండేవాడు. అతను లేచాడు.

"శిక్ష సరే ప్రభూ. అపచారమంటే ఏమిటో నాబోటి మొద్దుకు శాస్త్రిగారు చెబితే వింటాను."

ఆస్థాన పండితుడు గంగాధరశాస్త్రి శాలువా సర్దుకున్నాడు. "ఆమాత్రం తెలియదటోయ్? స్వామి దగ్గరికి చేరి సేవ చేయడం ఉపచారం. గొడుగు పట్టడం, వింజామర వీచడం అలాంటివే. ఆ సేవను స్వామి నుంచి దూరం చేయడం అపచారం. ఆ మాట పుట్టిందే అలా."

"దూరం చేసింది ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే!" రాజే గర్జించాడు.

ముమ్మయ సభ మధ్యలో ఓ పీట వేయించి, గొడుగు పట్టే ఈరన్నను పిలిచాడు. "ఇదే స్వామి పల్లకి అనుకో. నిన్న ఎలా పట్టావో అలాగే పట్టు."

ఈరన్న పీట మీద గొడుగు పట్టాడు.

"ఇప్పుడు కూడలి వచ్చింది ఈరన్నా."

ఈరన్న రాజువంక చూశాడు. మెల్లగా పీటను వదిలి, మెట్లెక్కి, గొడుగు తెచ్చి రాజుగారి తలమీద పట్టాడు.



"ఎండ మండుతోంది, ఇటు పట్టరా అని తమరే అన్నారు గదా ప్రభూ" అని గొణిగాడు.

"బొల్లమ్మ లాక్కునేసరికి స్వామి ఎండలోనే ఉన్నాడు" అన్నాడు ముమ్మయ. "పొలిమేర దాటాల్సిందెవరో తమరే సెలవియ్యాలి."

రాజు తలెత్తి గొడుగును చూశాడు. నవ్వాడు, ఆ నవ్వులో సిగ్గే ఎక్కువ. బొల్లమ్మను వదిలేయమని చెప్పి, మెడలో హారం తీసి ముమ్మయకు ఇవ్వబోయాడు.

"హారం నాకెందుకు ప్రభూ? కూడలిలో చలువపందిరి వేయించండి."

వేయించాడు. ఈ కథ విని అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. గొడుగు పక్కకు పోవడం కూడలిలో అందరూ చూశారు, కిక్కురుమనలేదు. బొల్లమ్మను ఈడ్చుకుపోతుంటే మాత్రం అపచారమని గొంతు చించుకున్నారు.

మీరూ అక్కడే ఉన్నారనుకున్నాం కదా. మీరేమని అరిచారు?