అలుగమ్మ మీద తీర్పు

అనగనగా ఒక అడవి ఉంది. ఆ అడవికి రాజు లేడు, రాజ్యాంగం ఉంది. రాజ్యాంగం అంటే ఏమిటంటారా? అందరూ కలిసి కూర్చుని, బోలెడంత తగువులాడుకుని, చివరికి "ఇలా ఉందాం" అని ఒప్పుకున్న మాటలు. అక్కడ అవి మూడే. నీళ్లు అందరివీ. ఎవరి మీద నింద పడ్డా, వాళ్ల మాట విన్నాకే తీర్పు. ఈ మాటలు పెద్దకైనా చిన్నకైనా ఒకటే.

జంతువులకు రాత రాదు కదా! అందుకని ముంగిస పంతులమ్మ ఆ మూడు మాటల్నీ పిల్లల చేత రోజూ వల్లె వేయించేది. పిల్లలు గొంతులు చించుకుని అరిచేవాళ్లు. ఇంటికి పోయే తొందరలో ఇంకా గబగబా అరిచేవాళ్లు. మీరు ఎక్కాలు ఎలా అప్పజెబుతారో నాకు తెలియదా! పంతులమ్మ కళ్లు మూసుకుని తలూపేది. అర్థం ఏమిటని పిల్లలు అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే నెమలి పిల్ల రెక్క మీద పంటిగాట్లు కనిపించాయి. పాపం, లేవలేక పడి ఉంది. ఆ దగ్గర్లోనే అలుగమ్మ బొరియ ఉంది. ఒళ్లంతా పెంకులుండే అలుగు తెలుసుగా? బిడ్డని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది, ఇక నోట మాట రాదు.

"ఇదే కొరికింది," అన్నాడు రేచుకుక్క. ఆ ఏడాది అడవికి పెద్ద అతనే. "పొద్దు వాలేలోగా దీన్ని ఏటి అవతలికి తరిమేయాలి."

ఏటి అవతల అడుగడుగునా వేటగాళ్ల ఉచ్చులే. అటు వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. అలుగమ్మ బిడ్డని పొట్ట కింద దాచుకుని ఉండ చుట్టుకుంది.

"దాన్ని ఏమైనా అడగాలేమో..." అని గొణిగింది కుందేలు.

"ఎందుకూ? రెండో మాట ఏమిటో పిల్లల్నే అడుగుదాం. చెప్పండర్రా!" అన్నాడు రేచుకుక్క.

పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. "ఎవరి మీద నింద పడ్డా, వాళ్ల మాట వినకే తీర్పు!"

"మళ్లీ!" అన్నాడు. మళ్లీ అరిచారు. "ఇంకోసారి!" అన్నాడు.

మూడోసారికి పంతులమ్మ చెవులు రిక్కించింది. 'విన్నాకే' అనాల్సింది, పిల్లలు 'వినకే' అంటున్నారు! అంటే అసలు వినకుండానే! ఎన్నాళ్లుగా ఇలా అంటున్నారో! తను రోజూ తలూపిందే!

ఇప్పుడు నోరు విప్పితే పరువు పోతుంది. "ఇదేనా నువ్వు చెప్పిన చదువు?" అని అందరూ నవ్వుతారు. విప్పకపోతే? అప్పటికే రెండు ఎలుగుబంట్లు అలుగమ్మని ఏటి వైపు దొర్లిస్తున్నాయి. లోపలి నుంచి బిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తోంది. పంతులమ్మ ముందుకు ఉరికింది.

"ఆగండి! తప్పు నాది. అది వినకే కాదు, విన్నాకే!" అని అరిచింది.

రేచుకుక్క పకపకా నవ్వాడు. "పిల్లలంతా ఒక మాట అంటుంటే, నీ ఒక్కదాని మాట నమ్మాలా?"

పంతులమ్మ పిల్లల వైపు తిరిగింది. "నాయనలారా, నన్ను నమ్మొద్దు. మీరే ఆలోచించండి. రేపు మీ ఇంట్లోవాళ్ల మీద నింద పడితే, వాళ్లని అడగాలా, వద్దా?"

పిల్లలు మొదటిసారి అరవకుండా ఆలోచించారు.

"మా అమ్మని అడగాలి," అంది ఉడుత పిల్ల.

"మా తాతని అడగాలి," అంది దుప్పి పిల్ల.

రేచుకుక్క కొడుకు తండ్రి వైపు భయంభయంగా చూశాడు. "మా నాన్ననీ అడగాలి," అన్నాడు.

ఎలుగుబంట్లు దొర్లించడం ఆపేశాయి. అప్పటికి ఏరు రెండడుగుల దూరంలో ఉంది. పంతులమ్మ పక్కన కూర్చుని, "చెప్పు తల్లీ, వింటున్నాం," అంది.

చాలాసేపటికి ఉండ విడింది. అలుగమ్మకి మాట పెగల్లేదు. నోరు తెరిచి చూపించింది. నోట్లో ఒక్క పన్ను కూడా లేదు! చీమలు తినే నోటికి పళ్లెందుకు?

అందరి చూపూ రేచుకుక్క కోరల మీద పడింది.

"వీడే! తరిమేయండి వీణ్ణి!" అని అడవంతా లేచింది. రేచుకుక్క తోక ముడుచుకుని వెనక్కి వెనక్కి జరిగాడు. అతని కొడుకు ఏడుపు మొదలుపెట్టాడు.

అలుగమ్మ ఇంకా వణుకుతూనే ఉంది. అలాగే వెళ్లి రేచుకుక్కకి అడ్డంగా నిలబడింది.

"ముందు అతన్ని అడగండి," అంది.

నీతి: హక్కుల్ని వల్లె వేస్తే చాలదు, వాటి అర్థం తెలుసుకోవాలి, మనకు గిట్టనివాళ్లకీ అవి దక్కేలా చూడాలి.