శ్రుతంధరుడు తప్పుచెప్పిన స్వరం

పూర్వం, కృతయుగపు చివరి పాదంలో, వింధ్యగిరికి దక్షిణాన కుముద్వతీ దేశాన్ని చిత్రబాహు మహారాజు ధర్మం తప్పకుండా పాలిస్తుండగా, ఒకానొక యజ్ఞంలో జలాధిపతియైన వరుణదేవునికి చెందవలసిన హవిర్భాగాన్ని ఋత్విజులు మరచిపోయారు. ఆ పాశధరుడు కినుక వహించి, దేశానికి ప్రాణాధారమైన శీతవాహినీ నదిని అది పుట్టిన కొండగుహలోనే బంధించివేశాడు. ఏరు ఎండింది. పైరు మాడింది. పశువులు నాలుకలు చాచి నేలకొరుగుతుంటే చూడలేక, రాజు కాలినడకన ధౌమ్రాయణ మహర్షి ఆశ్రమానికి వచ్చి ఆయన పాదాలమీద పడ్డాడు.

తపోధనుడైన ధౌమ్రాయణుడు రాజును లేవనెత్తి, "రాజా! వరుణుని ప్రసన్నుణ్ణి చేసే మంత్రం నా వద్ద ఉన్నది. ఆ గుహలో నిలిచి, కందమూలాలతో ప్రాణం నిలుపుకొంటూ నలభైయొక్క దినాలు దానిని జపించాలి. నడుము వంగిన నాకు ఆ కొండ ఎక్కే సత్తువ లేదు. నా శిష్యుణ్ణి పంపుతాను" అని అభయమిచ్చాడు.

ఆ శిష్యుడే శ్రుతంధరుడు. ఒక్కసారి విన్నదానిని జన్మలో మరువని ధారణ, కోకిలలు సిగ్గుపడే కంఠం కలవాడని దేశమంతా అతనికి పేరు. మహర్షి మంత్రం ఉపదేశించగానే అతడు వినయంగా తలవంచి స్వీకరించాడు కాని, కొండ ఎక్కలేదు.

"గురుదేవా! ఇది శూన్యమాసం. ఈ నెల గడవనివ్వండి" అన్నాడు మొదట. నెల గడిచాక, ఒక స్వరం ఇంకా పట్టుబడలేదన్నాడు. తరువాత ఒంట్లో వేడి చేసిందన్నాడు. ఆపైన నక్షత్రబలం చాలలేదన్నాడు. ఇలా మూడేళ్లు దొర్లిపోయాయి. అతనికి మాత్రం లోలోపల తెలుసు, అడ్డుపడుతున్నది మాసమూ కాదు, నక్షత్రమూ కాదు. 'మొదలుపెట్టనంత కాలం నేను మహాపండితుణ్ణే. మొదలుపెట్టి, తీరా వరుణుడు రాకపోతే? అప్పుడు నేనెవణ్ణి?' అన్న ప్రశ్న అతని గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

ఆ ఆశ్రమంలోనే గోవులు కాచే శిష్యుడొకడు ఉండేవాడు. మాట తడబడుతుంది కనుక అతణ్ణి అందరూ గద్గదుడని పిలిచేవారు. ఒకనాడు అతడు మహర్షి ముందు చేతులు కట్టుకొని నిలిచి, "గు... గురుదేవా! మన కపిలగోవు నిన్న ఎండిన మడుగులో మోకరిల్లి ప్రాణం విడిచింది. అన్నకు మీరు ఉపదేశించినప్పుడు నేనూ విన్నాను. అన్న సిద్ధపడేదాకా నన్ను వెళ్లనివ్వండి. తడబడినచోట మళ్లీ మొదటినుంచి చెబుతాను" అని వేడుకున్నాడు.

శ్రుతంధరుడు ఫక్కున నవ్వాడు. మహర్షి నవ్వలేదు. "వెళ్లు నాయనా" అని గద్గదుని శిరస్సుమీద చేయి ఉంచాడు.

ముప్పైయెనిమిదవ నాటి ఉదయం కట్టెలు కొట్టేవారు పరుగున వచ్చి, ఏటి ఇసుకలో తేమ కనబడిందని చెప్పారు. మునిపత్నులు ఆనందబాష్పాలతో గద్గదుని పేరు తలచుకొని పసుపు కుంకుమలు చల్లారు. ఆ పేరు వినబడిన ప్రతిసారీ శ్రుతంధరునికి చెవుల్లో సీసం కరిగించి పోసినట్లయింది. 'నా మంత్రం! నాకిచ్చిన మంత్రం! ఆవుల కాపరి నోట పడి ఫలిస్తున్నదా?' అని అన్నం ముట్టక, ఆసనంమీద నిలువలేక, పళ్లు ఇచ్చివస్తానన్న నెపంతో బుట్ట ఒకటి పట్టుకొని కొండ ఎక్కాడు.

గుహలో గద్గదుడు ఎముకల గూడై, పెదవులు పగిలి నిలిచి ఉన్నాడు. అతని ఎదుట బండరాతినుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"అన్నా!" అన్నాడు గద్గదుడు కళ్లు మెరుస్తుండగా. "దేవుడే నిన్ను పంపాడు. బడలికవల్లనో ఏమో, చివరి పాదంలో మూడో అక్షరం ఎత్తి పలకాలో దించి పలకాలో సందేహం వచ్చింది. తప్పు పలకడం కన్నా ఆగడం మేలని పొద్దుటినుంచి ఊరకున్నాను. చెప్పన్నా."

అది ఎత్తి పలకవలసిన అక్షరం. శ్రుతంధరుడు ఆ చుక్కలవంక చూశాడు. ఆ పగిలిన పెదవులవంక చూశాడు.

"దించి పలకాలి" అన్నాడు.

గద్గదుడు అతని పాదాలకు మొక్కి, అలాగే పలికాడు. చుక్కలు ఆగిపోయాయి. చూస్తుండగానే బండ తడి ఆరి తెల్లబడింది. శ్రుతంధరుని హృదయంలో ఒక్క క్షణం తేనె ఊరినట్లయి, మరుక్షణమే అది నోటినిండా బూడిద అయింది.

గద్గదుడు చాలాసేపు బండమీద అరచేయి ఆనించి నిలిచి, "నా నోరే మళ్లీ తడబడి ఉంటుంది. కానీలే అన్నా, ఇవాళ మొదటి రోజు" అని మంత్రం మొదటినుంచి అందుకున్నాడు.

శ్రుతంధరుడు సగం కొండ దిగాడు. అక్కడ, పైనుంచి నీరు వస్తుందని విని, ఊళ్ల జనం ఖాళీ కడవలతో ఎండలో బారులు తీరి కూర్చున్నారు. ముడతలుపడిన ముసలమ్మ ఒకతె అతని ఉత్తరీయం అంచు పట్టుకొని, "నాయనా, పైన ఊరుతోందా ఇంకా?" అని అడిగింది. అతడు ఆ అంచు విడిపించుకొని వచ్చినదారినే వెనక్కి పరుగెత్తాడు.

"తమ్ముడూ! నేను అబద్ధం చెప్పాను. అది ఎత్తి పలకవలసిన స్వరం. నీమీది అసూయతో కావాలనే దించి చెప్పాను" అని నేలమీద సాగిలపడ్డాడు.

గద్గదుని ముఖం ఎర్రబడింది. పిడికిళ్లు బిగుసుకొన్నాయి. "నిన్ను క్షమించే తీరిక నాకిప్పుడు లేదన్నా" అన్నాడు చివరికి. "లేచి నా పక్కన నిలబడి మంత్రం చెప్పు."

"నేనా? ఇంత పాపం చేసినవాణ్ణి, నాకేం అర్హత? ప్రాయశ్చిత్తం చేసుకొని, శుద్ధుణ్ణై వచ్చి..."

"అది... అది కూడా సాకే అన్నా."

శ్రుతంధరుడు లేచి నిలిచాడు. మూడేళ్లుగా కంఠంలో దాచుకొన్న మంత్రం వణుకుతూ, బొంగురుగా, ఎవరూ మెచ్చుకోని గొంతుతో బయటికి వచ్చింది. అసూయ ఒక్కనాటిలో పోలేదు. దేవుడు ముందు ఎవరిని చూస్తాడోనన్న చింత పదోనాడూ పీడించింది, ఇరవయ్యోనాడూ పీడించింది. అయినా నోరు ఆపలేదు. ముప్పయ్యోనాటికి పక్కన ఉన్న గొంతు ఏదో, తన గొంతు ఏదో అతనికే తెలియలేదు.

నలభైయొకటవ నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ, మకరవాహనుడు, పశ్చిమదిక్పాలుడు, నీలమేఘకాంతితో వెలిగే వరుణదేవుడు గుహలో సాక్షాత్కరించాడు.

"వత్సా! ఏమి కావాలి?" అని ముందుగా గద్గదుణ్ణే అడిగాడు. "స్వామీ! నది కావాలి" అన్నాడతడు. "ఇచ్చాను" అని పలికి, దేవుడు శ్రుతంధరునివైపు తిరిగాడు.

"దేవా! నాకు వరం వద్దు, దండన విధించండి" అన్నాడు శ్రుతంధరుడు తల దించుకొని.

"నదిని కట్టినది నా పాశం. నిన్ను కట్టినది నీవు పేనుకొన్నదే, విప్పుకొన్నదీ నీవే. నీకిదే దండన, ఇదే వరం. ఈ కొండకింద ఆశ్రమం కట్టుకో. 'నా వల్ల అవుతుందా' అని భయపడుతూ వచ్చిన ప్రతివానికీ ముందుగా విద్య చెప్పు. నీవు చెప్పిన విద్య వారియందు చెడదు."

అని ఆనతిచ్చి వరుణుడు పాశం ఉపసంహరించగానే, బండ పగిలి శీతవాహిని నురగలు కక్కుతూ, జనం కడవలు నింపుతూ, బీడుపొలాలమీదుగా కుముద్వతీ దేశంలోకి ఉరికింది. చిత్రబాహు మహారాజు తీరాన యజ్ఞం చేసి, తొలి హవిర్భాగాన్ని వరుణునికే సమర్పించాడు. వానలు వేళకు కురిశాయి. భూమి పండింది. ఈ కథను శ్రద్ధతో విన్నవారు తలపెట్టిన సత్కార్యాన్ని రేపటికి వాయిదా వేయక ఆనాడే ఆరంభిస్తారని పెద్దలు చెబుతారు.