నిమ్మకాయ ఆపిన కారు

మా ఊరి మఠంలో సోమయ్య గురువుగారు ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. తెలియకనే అని ఊళ్లో కొందరంటారు. వాళ్లలో ఆయన్ని ఏదైనా అడిగినవాడు ఒక్కడూ లేడు.

కార్తీకంలో ఒక ఉదయం శిష్యుడు కోదండపాణి ఆయన్ని ఒక మాట అడిగాడు. ఉమ్మడి బోరు నీళ్ల దగ్గర తమ్ముడు చిదంబరంతో అతనికి తగాదా వచ్చి ఏళ్లయింది. ఇళ్లు ఎదురెదురే. ఒకరింట్లో జ్వరమొస్తే రెండో ఇంటికి ఆ కబురు మోసే పుణ్యం మా అందరికీ దక్కేది. మఠంలో చేరి, గురువుగారు చెప్పినట్టు రోజూ ఒక పూట మౌనవ్రతం పట్టాక మాత్రం కోదండపాణి నోరు జారింది లేదు.

"నాలో కోపం పోయింది స్వామీ. తమ్ముణ్ణి ఇవాళ రమ్మని కబురంపాను, వస్తానన్నాడట. ఇంకా నాకీ మౌనవ్రతం దేనికి?"

బయట కోదండపాణి కొత్త కారుకు పూజ జరుగుతోంది. గురువుగారు లేచి అటు నడిచారు.

కారు మూతి మఠం అరుగు వైపు ఉంది. అక్కడ నేల కొంచెం ఎగువ. పురోహితుడు ట్రాక్టర్లకు చదివే మంత్రమే దీనికీ చదివి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టించాడు. భక్తులు ప్రసాదానికి దగ్గరగా నిలబడ్డారు.

ఆ కారుకు క్లచ్చి లేదు. గేరు మీట నడకకు గుర్తైన డి మీద ఉంటే తొక్కకపోయినా బండి పాకుతుందనీ, దిగేముందు బ్రేకు తొక్కి, మీటను నిలుపుకు గుర్తైన పి మీదకు తెచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగాలనీ షోరూంవాళ్లు చెప్పారు. జన్మంతా జీపు నడిపిన కోదండపాణి మర్యాదకు తల ఊపి వచ్చాడు.

ఇంజను వేసి, మీట డి మీదకు తెచ్చి, బ్రేకు మీంచి కాలు తీశాడు. బండి కదల్లేదు. ఎగువ కొంతా, నిమ్మకాయలు కొంతా అడ్డుపడ్డాయి. సరిగ్గా అప్పుడే చిదంబరం వచ్చాడు. తమ్ముణ్ణి చూసేసరికి కోదండపాణి కళ్లు తడిశాయి. కొబ్బరికాయ అతని చేతే కొట్టించాలని, ఉన్నపళాన దిగి, కాయ చేతికిచ్చాడు.

"ఇంజను ఆడుతోందే," అన్నారు గురువుగారు.

"నేను తొక్కందే కదలదు స్వామీ."

చిదంబరం "సరే అన్నయ్యా" అన్నాడు. ఇన్నేళ్లలో అదే మొదటి మాట. కారుకూ అరుగుకూ మధ్య ఉన్న రాయి మీద కాయ కొట్టడానికి వంగాడు. చక్రం కింద నిమ్మకాయ చిట్లింది. బండి తొందరేమీ లేకుండా ముందుకు పాకి, అతని మోకాలిని అరుగుకు అదిమింది. కోదండపాణి పరుగెత్తి బ్రేకు తొక్కేసరికే ఎముక విరిగింది.

"నిన్నెవడురా అక్కడ వంగమన్నాడు? బోరు దగ్గరా ఇంతే, అడ్డం రావడమే నీ పని," అని కోదండపాణి కారులోంచే అరిచాడు.

చిదంబరం అన్నవైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. నులకమంచం మీద మోసుకెళ్లాం. దారి పొడవునా మావాళ్లు కారు రంగు బాగుందో లేదో తేల్చుకోలేకపోయారు.

కాలు అతికింది కానీ కుంటు మిగిలింది. ఎదురింటి తలుపు మళ్లీ మూతపడింది. చాలా రోజులకు కోదండపాణి మఠానికి వచ్చి, ఏమీ అడక్కుండా ఒక మూల కూర్చున్నాడు.

ఈసారి గురువుగారే పలికారు.

"కారును నిమ్మకాయ ఆపింది. నీ కోపాన్ని ఇన్నాళ్లూ ఏది ఆపిందో వెతుక్కో."